పని రోజు రాత్రికి ఒకే గిన్నెలో సాసేజ్ క్రీమ్ పాస్తా: నీళ్లెంత, క్రీమ్ ఎప్పుడు?

డాలస్_వసుధ
ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి ఆరున్నర. పిల్లల్ని ఎనిమిదిన్నరకల్లా పడుకోబెట్టాలి. ఈ మధ్యలోనే వంట, స్నానాలు, హోంవర్కు. వారంలో ఒక్క రాత్రయినా ఒకే గిన్నెలో అయిపోయే సాసేజ్ పాస్తా పెట్టుకుందామని చూస్తున్నాను. వీడియోల్లో అన్నీ ఒకేసారి గిన్నెలో పోసి మూత పెట్టేస్తారు, ఇరవై నిమిషాల తర్వాత తీస్తే నున్నటి సాస్. అవే కొలతలతో చేస్తే మా ఇంట్లో పైన పాస్తా పలుకుగా, అడుగున ముద్దగా వస్తోంది. క్రీమ్ విరుగుతోంది, నూనె పైకి తేలుతోంది. టమాటా డబ్బా వేసిన రోజు మరీ ఘోరం.
వాడేవి: ఒక పౌండు మైల్డ్ ఇటాలియన్ సాసేజ్, ఒక పౌండు పెన్నే పాస్తా, చికెన్ బ్రాత్ (చికెన్ ఉడికించిన రసం), హాఫ్ అండ్ హాఫ్ (సగం పాలు, సగం క్రీమ్).
పాస్తా విడిగా ఉడికించుకోమని మాత్రం చెప్పకండి, అది వచ్చు. ఒకే గిన్నెలో కుదరాలంటే ఏది ముందు, ఏది తర్వాత, నీళ్లెంత?

పెనం_మూత
క్రీమ్ ఆఖర్న. స్టవ్ ఆపాక.

కాకినాడ_రాజు
పైన చెప్పింది కరెక్టే, కానీ ఎందుకో కూడా తెలియాలి. హాఫ్ అండ్ హాఫ్‌లో కొవ్వు 10.5 నుంచి 18 శాతం. హెవీ క్రీమ్‌లో కనీసం 36 శాతం. కొవ్వు తగ్గేకొద్దీ పాల ప్రొటీన్ వాటా పెరుగుతుంది. దానికి పులుపు తగిలి, పైగా తెర్లిందంటే ప్రొటీన్ గడ్డకట్టి నీళ్లు వేరు, గడ్డలు వేరు అయిపోతాయి. పాలలో నిమ్మకాయ పిండి పనీర్ చేసుకునేది ఇలాగే కదా. టమాటా వేసిన రోజు ఎక్కువగా విరుగుతోందంటే కారణం అదే. హెవీ క్రీమ్ తెచ్చుకోండి. అది కాస్త మరిగినా తట్టుకుంటుంది. అర కప్పు చాలు.

శ్రావణి_ఎడిసన్
నేను ఒప్పుకోను. నేను మొదటి నుంచీ సగం పాలు, సగం బ్రాత్ పోసి అందులోనే పాస్తా ఉడికిస్తాను. ఎప్పుడూ విరగలేదు.

కాకినాడ_రాజు
టమాటా వేస్తారా?

శ్రావణి_ఎడిసన్
వెయ్యను. మాది తెల్ల సాసే.

కాకినాడ_రాజు
అయితే మనిద్దరికీ గొడవే లేదు. పులుపు లేదు కాబట్టి విరగట్లేదు. కాకపోతే దగ్గరుండి కలుపుతూ ఉండాలి, పాలు ఊరికే అడుగంటుతాయి.

శ్రావణి_ఎడిసన్
కలుపుతూనే ఉంటాను. మా వాడు పక్కనే కూర్చుని ఎక్కాలు అప్పజెబుతాడు. పదమూడో ఎక్కం అయ్యేసరికి పాస్తా ఉడికిపోతుంది. 😀

తార్నాక_లక్ష్మి
క్రీమ్ సంగతి మీరు తేల్చేశారు కాబట్టి నేను రెండో దానికి వస్తాను. పైన పలుకు, అడుగున ముద్ద అంటే అది ఎసరు సమస్య వసుధా.
మామూలు పద్ధతిలో పాస్తాని బోలెడు నీళ్లలో ఉడికించి, గంజి వార్చిన అన్నంలాగా వార్చేస్తాం. నీళ్లు ఎక్కువైనా ఇబ్బంది లేదు. ఒకే గిన్నెలో వండేటప్పుడు వార్చడం ఉండదు. పోసిన దాంట్లో కొంత పాస్తా పీల్చుకోవాలి, కొంత ఆవిరైపోవాలి, మిగిలింది సాస్ కావాలి. పాస్తా వదిలిన గంజే ఆ సాస్‌కి చిక్కదనం. అసలు ఈ పద్ధతిలో ఉన్న లాభమంతా అదే, ఆ గంజిని సింకులో పొయ్యం. క్రీమ్ తక్కువ వేసినా నున్నగా వచ్చేది అందుకే.
నా కొలత 250 గ్రాముల పాస్తాకి 600 మి.లీ., అంటే రెండున్నర కప్పులు. మీ పౌండుకి లెక్క కడితే నాలుగున్నర కప్పులు అవుతుంది. కానీ ఒక పౌండు పాస్తా, ఒక పౌండు సాసేజ్ కలిపి ఒకే గిన్నెలో వెయ్యకండి. లోతుగా కుప్ప పడితే పైనున్నది మునగదు, కిందున్నది నలిగిపోతుంది. నలుగురికి 12 ఔన్సులు, అంటే 340 గ్రాములు సరిపోతుంది. దానికి మూడున్నర కప్పుల బ్రాత్. టమాటా డబ్బా వేసేటట్టయితే అందులోనూ నీళ్లుంటాయి కాబట్టి ఒక కప్పు తగ్గించండి. గిన్నె ఎత్తు కన్నా వెడల్పు ముఖ్యం. వెడల్పు గిన్నెలో ఆవిరి ఎక్కువ పోతుంది, అందుకని అర కప్పు వేడినీళ్లు పక్కన ఉంచుకుని అవసరాన్ని బట్టి పోసుకోవాలి. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోతుంది.
పాస్తా వేసిన మొదటి రెండు మూడు నిమిషాలు వదిలిపెట్టకుండా కలపండి. ముక్కలు ఒకదానికొకటి అతుక్కునేది అప్పుడే. ఆ తర్వాత మూత వాలుగా పెట్టి, మధ్యమధ్యలో గరిటె అడుగు దాకా తిప్పితే చాలు. కొంచెం పలుకు ఉండగానే దింపేయాలి. క్రీమ్, చీజ్ కలిపి రెండు నిమిషాలు మూత పెడితే మిగతాది ఆ వేడికే మగ్గుతుంది.

డాలస్_వసుధ
లక్ష్మిగారూ, ఈ మాట ఏ వీడియోలోనూ చెప్పలేదు. పౌండు పాస్తాకి మూడు కప్పులే రాశారు ఒకచోట. 12 ఔన్సులతో చేసి చూస్తాను. మరి నూనె తేలడం కూడా క్రీమ్ వల్లేనా?

పెనం_మూత
కాదు. అది సాసేజ్ కొవ్వు. పంది మాంసం ఇటాలియన్ సాసేజ్‌లో కొవ్వు బాగా ఉంటుంది. మీరు దాన్ని ముందు వేయించి కొవ్వు తీస్తున్నారా, అన్నిటితో పాటు పచ్చిదే వేసేస్తున్నారా?

డాలస్_వసుధ
వీడియోలో పచ్చిదే ముక్కలు కోసి వేశారు. నేనూ అలాగే.

పెనం_మూత
ఇక్కడే రుచి మొత్తం పోతోంది. ఉడికిన సాసేజ్‌కీ, ఎర్రగా వేగిన సాసేజ్‌కీ సంబంధమే లేదు.
చాకుతో పై తొడుగు చీల్చి తీసేయండి. లోపలి ఖీమాని వేడెక్కిన గిన్నెలో పరిచి మూడు నాలుగు నిమిషాలు కదపకండి. కదిపితే నీరు ఊరి ఉడుకుతుంది తప్ప వేగదు. అడుగు ఎర్రబడ్డాక చెక్క గరిటెతో పొడిపొడిగా విరిచి రెండో వైపు వేయించండి. గిన్నె వంచి కొవ్వు తీసేసి ఒక చెంచాడు మాత్రం ఉంచండి. ఉల్లిపాయ, వెల్లుల్లి ఆ చెంచాడులోనే వేగుతాయి, వేరే నూనె అక్కర్లేదు. తర్వాత అర కప్పు బ్రాత్ పోసి అడుగున అంటుకున్నదంతా గీకండి. అది మాడు కాదు, సాస్‌కి రంగూ రుచీ అదే. గీకకపోతే తర్వాత నిజంగా మాడుతుంది.
దీనికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఇరవై కాస్తా ముప్పై అవుతుంది. ఆ ఎనిమిది నిమిషాలు మిగుల్చుకుందామని చూడకండి.

శ్రావణి_ఎడిసన్
ఈ చివరి మాటకి నా ఓటు. పని రోజు వంట అంటే ముప్పై నిమిషాలు ఒప్పుకోవాలి. ఇరవై అని చెప్పేవాళ్లు ఉల్లిపాయ తరిగే టైము లెక్కపెట్టరు.

మధు_మినియాపొలిస్
పొగపెట్టిన సాసేజ్ వాడితే ఇంత పని లేదు. కీల్‌బాసా, ఆండూయీ లాంటివి ముందే ఉడికి వస్తాయి. చక్రాల్లా కోసి రెండు వైపులా రంగు వచ్చేదాకా వేయిస్తే అయిపోయింది. మా ఇంట్లో అదే. పచ్చి సాసేజ్ ఉడికిందో లేదో అన్న టెన్షన్ ఉండదు.

కాకినాడ_రాజు
పచ్చిదానికి కూడా టెన్షన్ ఎందుకు, థర్మామీటరు ఉంటే తేలిపోతుంది. పంది మాంసం ఖీమా, సాసేజ్ 160 ఫారెన్‌హీట్, చికెన్, టర్కీ అయితే 165. పెనం_మూత చెప్పినట్టు పొడిపొడిగా విరిచి వేయించి, తర్వాత పాస్తాతో పాటు పది నిమిషాలు ఉడికితే అది ఎలాగూ దాటుతుంది. నిలువునా ముక్కలు కోసి వేసేవాళ్లు మాత్రం చూసుకోవాలి.

ప్రణీత_పెరూజా
నేను ఇటలీలో చదువుకుంటున్నాను. మాది ఊంబ్రియా ప్రాంతం. ఇక్కడికి దగ్గర్లో నోర్చా అని కొండల మధ్య ఒక ఊరుంది. పంది మాంసం కోసి, ఉప్పు పట్టించి నిలవ చేయడంలో ఆ ఊరివాళ్లది ఎంత పేరంటే ఇటలీలో ఇతర చోట్ల కూడా పంది మాంసం కొట్లని 'నోర్చినెరియా' అనే అంటారు. ఆ ఊరి పేరు మీదే 'పెన్నే అల్లా నోర్చినా' ఉంది. పొడిగా విరిచి వేయించిన సాసేజ్, క్రీమ్, పెకొరీనో చీజ్, దొరికితే నల్ల ట్రఫుల్ (నేలలో పెరిగే పుట్టగొడుగు లాంటిది). మీరు చేసేది దాదాపు అదే వంటకం, టమాటా లేకుండా.
కాకపోతే మా ఇంటి ఓనరమ్మ ఎదుట పచ్చి పాస్తాని సాస్‌లో వేసి ఉడికిస్తే ఊరుకోదు. పాస్తా విడిగా ఉప్పు నీళ్లలో ఉడకాల్సిందే, ఆ నీళ్లు ఒక గరిటెడు సాస్‌లో పోయాల్సిందే. నేనూ ఇప్పుడు అలాగే చేస్తున్నాను. క్షమించాలి వసుధక్కా, విడిగా ఉడికించమని చెప్పొద్దన్నారు కానీ రుచిలో తేడా ఉంది. పలుకు మన చేతిలో ఉంటుంది.

డాలస్_వసుధ
నువ్వు చెప్పింది నిజమే కావచ్చు ప్రణీతా. కానీ నాకు కావాల్సింది తొమ్మిదింటికి సింకులో ఒక గిన్నె తక్కువ ఉండడం.

తార్నాక_లక్ష్మి
ప్రణీతా, ఇటలీలోనే 'రిసొత్తాతా' అని ఒక పద్ధతి ఉంది కదమ్మా. పాస్తాని రిసొట్టో బియ్యంలాగా వెడల్పు పెనంలో, వేడి బ్రాత్ గరిటె గరిటె పోస్తూ ఉడికిస్తారు. గంజి అంతా సాస్‌లోనే ఉంటుంది. ఒకే గిన్నె పాస్తాకి ఇటలీలో అసలు చోటు లేదనడం కుదరదు.

ప్రణీత_పెరూజా
ఉంది ఆంటీ, ఒప్పుకుంటున్నాను. అది పక్కన నిలబడి చేసేది, అన్నీ పోసి మూత పెట్టేది కాదు. కానీ మీరు చెప్పిన కొలతతో, కలుపుతూ చేస్తే దానికి దగ్గరగానే వస్తుంది. ఓనరమ్మ లేనప్పుడు ప్రయత్నిస్తాను. 🙂

డెన్వర్_చైతు
ఎసరు కొలత ఊరిని బట్టి కూడా మారుతుంది. మేముండేది సముద్ర మట్టానికి 1,600 మీటర్ల ఎత్తు. ఇక్కడ నీళ్లు 95 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి. డబ్బా మీద 11 నిమిషాలని ఉంటే మాకు పద్నాలుగు దాకా పడుతుంది. అంతసేపు ఆవిరి పోతుంది కాబట్టి లక్ష్మిగారి కొలతకి ఇంకో అర కప్పు కలుపుతాను. డాలస్‌లో వసుధగారికి ఈ బాధ లేదు, కొలరాడోలో ఇంకెవరైనా చదువుతుంటే వాళ్లకోసం.

రఫీ_టోలిచౌకి
మా ఇంట్లో పంది మాంసం ఉండదు. హైదరాబాద్‌లో దొరికే చికెన్ సాసేజ్‌లు చాలావరకు మెత్తగా రుబ్బి, ముందే ఉడికించి ఫ్రీజ్ చేసినవి. చీల్చి విరుద్దామంటే విరగవు, రబ్బరులా ఉంటాయి. గుండ్రంగా కోసి వేయించొచ్చు, కానీ ఆ ఇటాలియన్ సాసేజ్ రుచి రాదు.
నేను చేసేది చెబుతాను. ఇటాలియన్ సాసేజ్‌కి ఆ వాసన వచ్చేది సోంపు వల్ల. అమెరికాలో అమ్మే వాటిలో అదే ముఖ్యం. కాబట్టి సాసేజ్ కొనకుండా కొట్లో చికెన్ ఖీమా కొట్టించుకుంటాను. తొడ మాంసం, తోలు లేకుండా, ముతకగా. బ్రెస్ట్ అయితే ఎండిపోతుంది. అరకిలోకి రెండు చెంచాల సోంపు కచ్చాపచ్చాగా దంచి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, మిరియాల పొడి, కొట్టిన ఎండుమిరపకాయలు, చెంచా ఉప్పు, చిటికెడు పంచదార, ఒక చెంచా వెనిగర్. పొద్దున ఆఫీసుకి వెళ్లేముందు కలిపి ఫ్రిజ్‌లో పెడతాను. సాయంత్రానికి పట్టేస్తుంది. వేయించేటప్పుడు మాత్రం చికెన్‌లో కొవ్వు తక్కువ కాబట్టి రెండు చెంచాల నూనె వేయాలి. సోంపు ముందే వేయించి దంచితే ఇంకా బాగుంటుంది.
ఇది తిన్నాక మా తమ్ముడు, షికాగోలో ఉంటాడు, అక్కడి సాసేజ్ రుచే వచ్చిందన్నాడు.

బెజవాడ_బుజ్జి
సోంపా! మేం భోజనం అయ్యాక నమిలేది భోజనంలోకి తెచ్చారు. 😀 చేసి చూడాల్సిందే. రఫీ భాయ్, ఇందులో రెండు పచ్చిమిరపకాయలు, కరివేపాకు, కాస్త గరం మసాలా వేస్తే?

ప్రణీత_పెరూజా
గరం మసాలా వద్దు బుజ్జన్నా! సోంపు వాసన మునిగిపోతుంది.

బెజవాడ_బుజ్జి
మరి కారం?

రఫీ_టోలిచౌకి
కారానికి ఎండుమిర్చి పెంచు. పచ్చిమిర్చి కూడా ఫర్వాలేదు, క్రీమ్ ఉంది కాబట్టి సరిపోతుంది. గరం మసాలా విషయంలో నేను ప్రణీత వైపు. దాల్చినచెక్క, లవంగం వచ్చాయంటే అది ఖీమా కూర అవుతుంది. ఖీమా కూర కావాలంటే పరోటాతో తిందాం, హాయిగా.

శ్రావణి_ఎడిసన్
కరివేపాకు మాత్రం నేను వేస్తాను. వెల్లుల్లితో పాటు నాలుగు ఆకులు. ఎవరేమన్నా.

తార్నాక_లక్ష్మి
మీ ఇంటి వంట, మీ ఇష్టం. నేను అడ్డం చెప్పను. కానీ మిరియాలు దంచి వేసి ఒకసారి చూడండి. పాలు, మిరియాలు బాగా కలుస్తాయి.

కాకినాడ_రాజు
రఫీ గారి పోస్టు చూశాక గుర్తొచ్చింది. అమెరికాలో చికెన్ సాసేజ్ అని కొనుక్కునేవాళ్లు లేబుల్ చివరిదాకా చదవండి. లోపల చికెనే ఉన్నా పై తొడుగు పంది పేగుతో చేసినవి ఉంటాయి. 'పోర్క్ కేసింగ్' అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. కొన్నింటికి గొడ్డు కొలాజెన్ తొడుగు. తినని వాళ్లకి ఇది చాలా పెద్ద విషయం. ఇంటికి ఎవరైనా వస్తున్నప్పుడు మరీ జాగ్రత్త.

రఫీ_టోలిచౌకి
ఇది చెప్పినందుకు చాలా థాంక్స్ రాజుగారూ. తమ్ముడికి పంపించాను.

మధు_మినియాపొలిస్
ఇంటికి వచ్చేవాళ్లంటే, మా అత్తగారు ఆరు నెలలకని వచ్చారు. ఆవిడ పూర్తి శాకాహారం. ఒకే గిన్నె అంటే ఆవిడకి వేరే, మాకు వేరే అవ్వట్లేదు. ఎవరైనా ఇలాంటి పరిస్థితిలో చేస్తున్నారా?

తార్నాక_లక్ష్మి
సాసేజ్‌ని చిన్న పెనంలో విడిగా ఎర్రగా వేయించి పక్కన పెట్టండి. పాస్తా గిన్నెలో పుట్టగొడుగులు. పావుకిలో, మందంగా కోసి, ఉప్పు వెయ్యకుండా పెద్ద సెగ మీద నీరంతా ఇగిరి ఎర్రబడేదాకా వేయించాలి. అందులో దంచిన సోంపు, వెల్లుల్లి, ఎండుమిర్చి. తర్వాత కూరగాయల బ్రాత్, లేదా వట్టి వేడినీళ్లు. చికెన్ బ్రాత్ పొయ్యకూడదు, గుర్తుంచుకోండి. ఆవిడకి అలాగే వడ్డించి, మీ కంచాల్లో పైన సాసేజ్ వేసుకోండి. రెండు గిన్నెలవుతాయి, కానీ రెండు వంటలు కావు. పుట్టగొడుగులు కూడా తినని ఇల్లయితే కాలీఫ్లవర్ చిన్న పూలుగా విడదీసి వేయించుకోవచ్చు.

ప్రణీత_పెరూజా
చీజ్ కూడా చూసుకోండి మధుగారూ. అసలైన పార్మిజానో రెజ్జానో తయారీలో పాలని గడ్డకట్టించడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. శాకాహారం కాదు. మామూలు పార్మెజాన్ అని అమ్మేవాటిలో కొన్నింటికి శాకాహార రెన్నెట్ వాడతారు, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది.

మధు_మినియాపొలిస్
ఇది నిజంగా తెలియదు. ఆవిడకి తెలియకుండా పెట్టడం నాకిష్టం లేదు. ఈ వారమే చూసి వేరేది కొంటాను. ఇద్దరికీ థాంక్స్.

పెనం_మూత
చీజ్ మాట వచ్చింది కాబట్టి: పొడి చేసి డబ్బాలో అమ్మేది ఇందులో వెయ్యకండి. అంటుకోకుండా దాంట్లో సెల్యులోజ్ కలుపుతారు, కరగదు, ఇసకలా తగులుతుంది. ముక్క కొని ఇంట్లో తురుముకోండి. అదీ స్టవ్ ఆపాకే, కొంచెం కొంచెంగా చల్లుతూ కలపాలి. మరుగుతున్న దాంట్లో ఒక్కసారిగా పోస్తే తీగలు సాగి గరిటెకి చుట్టుకుంటుంది.
ఉప్పు చీజ్ వేశాక చూసి వేసుకోండి. సాసేజ్‌లో ఉప్పు, బ్రాత్‌లో ఉప్పు, చీజ్‌లో ఉప్పు. బ్రాత్ ఉడికి చిక్కబడితే ఆ ఉప్పు ఇంకా తేలుతుంది. ఉప్పు తగ్గించిన బ్రాత్ కొనడం మంచిది.

సిరి_కొండాపూర్
మాకు ఇక్కడ హెవీ క్రీమ్ అంత తేలిగ్గా దొరకదు. చిన్న టెట్రా ప్యాక్ ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 20 నుంచి 25 శాతమే. విరగకుండా ఉండాలంటే?

కాకినాడ_రాజు
టమాటా తగ్గించండి. క్రీమ్ ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పొయ్యకండి. ఒక గిన్నెలో క్రీమ్ తీసుకుని, పాస్తాలోని వేడి సాస్ రెండు గరిటెలు అందులో కలిపి, అప్పుడు మొత్తం గిన్నెలో పోసి కలపండి. స్టవ్ ఆపాకే. మళ్లీ మరిగించొద్దు. క్రీమ్ చీజ్ రెండు చెంచాలు కలిపినా సాస్ నిలుస్తుంది.

రఫీ_టోలిచౌకి
సిరిగారూ, పాస్తా కూడా ముఖ్యం. ప్యాకెట్ వెనక డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉన్నదే కొనండి. మైదా కలిపినవి వార్చే పద్ధతిలో పనికొస్తాయి కానీ ఇందులో ఎసరంతా జిగురై ముద్దయిపోతుంది. పెన్నే, ఫుసిల్లీ, గవ్వల్లాంటివి బాగుంటాయి. స్పగెటీ వద్దు, కట్టలు కట్టుకుపోతుంది.

సిరి_కొండాపూర్
ప్రెషర్ కుక్కర్‌లో ఒక విజిల్‌కి చేస్తామంటారు కొందరు?

తార్నాక_లక్ష్మి
స్టవ్ మీద పెట్టే మన విజిల్ కుక్కర్‌లో నేను చెయ్యను, చెయ్యమని చెప్పను. పాస్తా గంజి బాగా పొంగుతుంది. ఆ నురుగు వెయిట్ దారిలోకి వెళ్లి అడ్డం పడిందంటే ప్రమాదం. పైగా ఒక్క నిమిషం తేడా వస్తే ముద్ద. పది నిమిషాల ఉడుకుకి అంత అవసరం లేదు.

శ్రావణి_ఎడిసన్
ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్‌లో నేను చేశాను, వస్తుంది. డబ్బా మీద రాసిన టైములో సగం, అందులోంచి ఒక నిమిషం తీసేయాలి. సాసేజ్ వేయించాక అడుగు బాగా గీకాలి, లేకపోతే అడుగంటిందని ఆగిపోతుంది. టమాటా పైన పోసి కలపకుండా మూత పెట్టాలి. పాలు, క్రీమ్, చీజ్ మూత తీశాకే. లక్ష్మిగారు చెప్పిన పొంగు సంగతి ఇందులోనూ ఉంది, సగం కన్నా ఎక్కువ నింపకూడదు.

బెజవాడ_బుజ్జి
ఆకుకూర వెయ్యొచ్చా? ఇంట్లో అందరూ క్రీమ్, చీజ్ అంటున్నారు, ఒక్క పచ్చని ముక్క లేదు.

పెనం_మూత
పాలకూర. క్రీమ్‌కి ముందు రెండు గుప్పెళ్లు వేసి కలిపితే ఆ వేడికే అణిగిపోతుంది. బఠాణీలు ఫ్రీజర్‌లోంచి తీసి చివరి రెండు నిమిషాలు. క్యాప్సికమ్ అయితే ఉల్లిపాయతో పాటు. తోటకూర, గోంగూర వద్దు. గోంగూర పులుపుకి క్రీమ్ గతేమిటో పైన రాజుగారు చెప్పారు.

డాలస్_వసుధ
నిన్న రాత్రి చేశాను. 12 ఔన్సుల పెన్నే, మూడున్నర కప్పుల ఉప్పు తగ్గించిన బ్రాత్, సాసేజ్ తొడుగు తీసి ఎర్రగా వేయించి కొవ్వు వంపేశాను. టమాటా ఈసారి వెయ్యలేదు. అర కప్పు హెవీ క్రీమ్, తురిమిన చీజ్, పాలకూర చివర్న. నూనె తేలలేదు, అడుగున ముద్ద కాలేదు. చిక్కగా, ప్రతి ముక్కకీ పట్టి ఉంది. పెద్దది రెండోసారి వడ్డించుకుంది. చిన్నవాడు పాలకూర ఏరి పక్కన పెట్టాడు, మిగతాది తిన్నాడు.
టైము ముప్పై రెండు నిమిషాలు పట్టింది. ఇక మీదట మంగళవారం రాత్రి మా ఇంట్లో ఇదే. కొంచెం మిగిలితే పొద్దున చూశాను, సాస్ మొత్తం పీల్చేసుకుని గట్టిపడింది. దాన్ని స్కూల్ డబ్బాకి ఇవ్వచ్చా?

శ్రావణి_ఎడిసన్
ఇవ్వచ్చు. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. చిన్న గిన్నెలో పాస్తా వేసి, కప్పుకి రెండు మూడు చెంచాల పాలు కలిపి, సన్న సెగ మీద కదుపుతూ వేడి చేయండి. సాస్ మళ్లీ వదులవుతుంది. మైక్రోవేవ్ అయితే మధ్యలో ఒకసారి తీసి కలపండి.
డబ్బాకి వెడల్పు మూతి ఫ్లాస్క్ వాడండి. ముందు దాంట్లో మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు మూత పెట్టి పారబోసి, ఆవిర్లు కక్కుతున్న పాస్తా నింపాలి. గోరువెచ్చగా పెడితే మధ్యాహ్నానికి పాడైపోయే భయం ఉంది. కాస్త పల్చగానే పెట్టండి, లంచ్ టైముకి మళ్లీ పీల్చుకుంటుంది.

డాలస్_వసుధ
సరే, రేపటికి అలాగే. చిన్నవాడి డబ్బాలో పాలకూర తీసేసి పెడతాను.

తార్నాక_లక్ష్మి
తియ్యకు. ఈసారి సన్నగా తరిగి వెయ్యి, ఏరలేడు.